రెండువందల పన్నెండో పద్దు

ఆ చిన్న ఊరి పురపాలక సంఘానికి ఉన్న ఆస్తి అంతా ఒక్క పుస్తకంలో పట్టేది. నీలం అట్ట, తోలు మూలలు, లోపల మూడువందల నలభై పద్దులు. వరుసకొక వస్తువు. దాని పేరు, ఉన్న చోటు, విలువ రాశాక, ఏడాదికొకటి చొప్పున సన్నటి గళ్ళు. ఆ గళ్ళ పైన ‘కంటితో చూసినది’ అని రాసి ఉంటుంది. లెక్కలు ముగిసే నెలలో ఎవరో ఒకరు ప్రతి వస్తువు దగ్గరికీ వెళ్ళి, చూసి, ఆ ఏటి గడిలో తమ పొడి అక్షరాలు పెట్టాలి.

ఇరవై ఆరేళ్ళుగా ఆ అక్షరాలు ఒక్కరివే. ఆఫీసులో అందరూ ఆమెను పద్దులక్క అంటారు. లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరి, అదే కిటికీ పక్కన, అదే బల్ల దగ్గర తల నెరిసింది. ఏటా ఆ నెల రాగానే పుస్తకం చంకన పెట్టుకుని ఊరి మీద పడేది. దీపస్తంభాలు, బెంచీలు, తూకపు యంత్రాలు, చెత్త బళ్ళు, నిచ్చెనలు, గోడ గడియారాలు, ఏదీ వదిలేది కాదు. పార్కు కాపలాదారు ఆమెను దూరాన చూడగానే, “పద్దులక్క వస్తోంది, కాసేపు బెంచీల మీంచి లేవండి. లేకపోతే మిమ్మల్ని కూడా కలిపి రాసేసుకుంటుంది” అనేవాడు. ఒకసారి పార్కులో ఒక బెంచీ తక్కువైంది. అది ఒక పురపాలక సభ్యుడి ఇంటి వాకిట్లో తేలింది. ఆయన తండ్రి దాని మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పద్దులక్క ఒక్క మాటా అనకుండా, ఆ పెద్దాయన చదవడం అయ్యేదాకా గేటు దగ్గర నిలబడింది. తరువాత బెంచీని తోపుడు బండి మీద పెట్టించి తోలుకొచ్చింది. అందుకే ఆ ఇరవై ఆరేళ్ళలో ఆమె పేరు మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఆ డబ్బు రాగానే మొగుడి మోకాలికి ఆపరేషన్. బస్సు క్లచ్చి తొక్కీ తొక్కీ ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది.

అయితే ఒక్క పద్దు ఉంది. రెండువందల పన్నెండు. ‘భూగర్భ జలాశయం, ఒకటి. చోటు: సంత వెనక. విలువ: ఒకటి.’ కొనుగోలు ధర తెలియని పాత వస్తువులకు అలా ఒకటి అని వేసే పద్ధతి ఉంది. ఆమె చేరిన కొత్తలో పాత గుమాస్తాను అది ఎక్కడుందని అడిగింది. ఆయన నవ్వి, భూమి కింద ఉన్నదాన్ని చూడ్డానికేముందమ్మా, ఎవరెత్తుకుపోతారు అన్నాడు. సంత వెనక ఒక నీళ్ళ ట్యాంకు ఉంది, దాని అడుగున ఏదో తొట్టి ఉండే ఉంటుందనుకుని ఆ ఏడు అక్షరాలు పెట్టేసింది. మరుసటి ఏడు కూడా పెట్టింది. అలా పెట్టుకుంటూనే పోయింది.

పాత ఆడిటరుకు ఆస్తుల పుస్తకం పట్టేది కాదు. ఆయన నగదు పుస్తకం చూసి, రసీదులు తిరగేసి, వెళ్ళిపోయేవాడు. కానీ ఒకే ఆడిటరు వరసగా ఐదేళ్ళకు మించి ఉండకూడదన్నది నియమం. ఆయన ఐదేళ్ళూ ఆ ఏటితో అయిపోయాయి. కొత్తవారిని వెతకాల్సి వచ్చింది.

ఆ వెతకడానికీ ఒక పద్ధతి ఉంది. తన లెక్కలు చూసే మనిషిని సంఘం అధ్యక్షుడు తానే ఎంచుకోకూడదు. అందుకని ముగ్గురితో ఒక కమిటీ వేస్తారు. ఇద్దరు సభ్యులు, ఊళ్ళోంచే, సంఘానికి బయటి మనిషి ఒకరు. ఆ ఏడు బయటి మనిషి రిటైరైన హెడ్మిస్ట్రెస్. పని ఏమిటో, ఎన్నాళ్ళలో ముగియాలో, ఏ పుస్తకాలు చూపిస్తారో రాసి పేపర్లో ప్రకటన ఇచ్చారు. సీలు వేసిన కవర్లు నాలుగొచ్చాయి. అందరి ముందూ వాటిని విప్పారు, పద్దులక్క వివరాలన్నీ రాసుకుంది. అందరికంటే తక్కువ అడిగిన ఆయన రెండు రోజుల్లో ముగిస్తానన్నాడు. అందరికంటే ఎక్కువ అడిగిన ఆవిడ పదకొండు రోజులు కావాలంది. సభ్యులిద్దరూ తక్కువ వైపు మొగ్గారు. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు పైకి తోసుకుని, “రెండు రోజుల్లో చూసేస్తానన్నాయన చూడ్డానికి రావడం లేదు నాయనా, సంతకం పెట్టడానికి వస్తున్నాడు” అంది. పని పదకొండు రోజులావిడకు వెళ్ళింది. తన పుస్తకాలను ఎవరో నిజంగా చదవబోతున్నారని పద్దులక్క లోలోపల మురిసిపోయింది.

ఆ ఆడిటరు సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తన టీ తానే ఫ్లాస్కులో తెచ్చుకుంది, ఆఫీసు టీ ముట్టలేదు. డబ్బు కట్టే కిటికీకి దూరంగా బల్ల వేయించుకుంది. నాలుగు రోజులు తల ఎత్తకుండా చదివింది. పద్దులక్క తన జీవితంలో అలాంటి చదవడం చూడలేదు. ఆవిడ ఒక డీజిలు బిల్లును, ఒక సెలవు చీటీని, ఒక వాన తేదీని పక్కపక్కన పెట్టి, ఆ రోజు చెత్త బండి ఏ వీధిలో కూరుకుపోయిందో అడిగేది. అది నిజంగానే కూరుకుపోయిన రోజు. ఊళ్ళోకి అడుగైనా సరిగ్గా పెట్టని మనిషి కాగితాల్లోంచి ఊరినంతా చదివేస్తుంటే పద్దులక్క తన పని మరిచి చూసేది. ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. ఎనభై నాలుగేళ్ళ ఆ అత్తగారు, అయితే మన ఇంటి పచారీ చీటీలు కూడా ఇచ్చి చూడు, నీ మొగుడు ఎన్ని సిగరెట్లు కాలుస్తున్నాడో తేలుస్తుందేమో అంది.

ఐదో రోజు ఆడిటరు ఆస్తుల పుస్తకం అడిగింది. అటెండరును పిలిచి, ఒకటికీ ఇరవైతొమ్మిదికీ మధ్య ఏదో ఒక అంకె చెప్పమంది. అతను తల గీరుకుని తొమ్మిదన్నాడు. తొమ్మిదో పద్దు దగ్గర మొదలుపెట్టి ప్రతి ఇరవైతొమ్మిదోదాన్నీ గుర్తు పెట్టుకుంటూ వెళ్ళింది. పన్నెండు వచ్చాయి. అవన్నీ నాకు చూపించండి, అంది.

పద్దులక్క ఆ పన్నెండు అంకెలూ చదువుకుంటూ వచ్చి, ఎనిమిదోదాని దగ్గర ఆగింది. రెండువందల పన్నెండు.

పదకొండింటిని ఒక్క రోజులో చూపించేసింది. రెండువందల పన్నెండు కోసం సంత వెనకకి వెళ్తే, నీళ్ళ ట్యాంకు అడుగున తొట్టీ లేదు, గొట్టమూ లేదు. నీటి విభాగం ఫిట్టరు మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా సుత్తితో కొట్టి చూసి, “ఇక్కడంతా గట్టి నేలక్కా. మా పటాల్లో కూడా ఇలాంటిది లేదు” అన్నాడు. ఆడిటరు చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. శుక్రవారం సాయంత్రం దాకా సమయం ఉందని, అప్పటికీ దొరక్కపోతే లేదనే రాయాలని నెమ్మదిగా చెప్పింది. అంటే ఇంకా మూడు రోజులు.

లేని వస్తువును ఇరవై ఆరుసార్లు చూశానని రాసిన మనిషి అవుతుంది తను. అది ఆడిట్ అభ్యంతరంగా నమోదవుతుంది. అభ్యంతరం తీరేదాకా రిటైర్మెంటు కాగితాలు కదలవు. ఇవన్నీ పద్దులక్కకు తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం ఆమెను తొలిచింది వేరే ఆలోచన. లేని వస్తువును ఎవరైనా పుస్తకంలోకి ఎందుకెక్కిస్తారు?

రికార్డు గదిలో కూర్చుంది. పాత తీర్మానాల పుస్తకాలు దించి, బూజు దులిపి, సంత అన్న మాట కనబడ్డ ప్రతి పేజీకీ దారం పెట్టుకుంటూ పోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి దొరికింది. అరవై ఒక్కేళ్ళ కిందట సంతను ఇప్పుడున్న చోటికి మార్చాలని తీర్మానం. అంతకు ముందు సంత ఉన్నది ఇటుకల వీధిలో, అంటే ఈ ఆఫీసు ఉన్న చోటే. ఆఫీసును ఆ తరువాత కట్టారు. సంత మారింది కానీ పుస్తకంలో ‘సంత వెనక’ అన్న మాట మారలేదు. కొత్త పుస్తకం పెట్టిన ప్రతిసారీ పాతదాంట్లోంచి అలాగే దించుకుంటూ వచ్చారు. మరి పాత సంత వెనక ఇప్పుడేముంది?

లేచి కిటికీలోంచి చూసింది. పెరడు. పెరట్లో పద్దెనిమిదేళ్ళుగా కదలని రోడ్డు రోలరు. ఎనభై ఏడో పద్దు. ఏటా వెళ్ళి, దాని ముందు నిలబడి, ఇనుప చక్రం మీద అరచెయ్యి ఆనించి మరీ అక్షరాలు పెట్టేది.

రోలరు కదపడానికి సగం రోజు పట్టింది. ఫిట్టరు, ఇద్దరు డ్రైవర్లు, చెత్త బళ్ళవాళ్ళు నలుగురు, జాకీలు, దుంగలు. సంఘం కార్యదర్శి పక్కన నిలబడి, దీన్ని కదపడానికి బడ్జెట్టులో డబ్బు లేదని అందరికీ వినబడేలా అన్నాడు. అది పక్కకు జరిగాక కంకర తవ్వారు. అడుగున్నర లోతులో ఇనుప మూత తగిలింది. మనిషి పొడవు ఉంది. మధ్యలో ఉంగరం.

గాలి మారడానికని రాత్రంతా మూత తెరిచే ఉంచారు. మర్నాడు, అంటే శుక్రవారం పొద్దున, ఫిట్టరు దీపం దించి చూశాడు. అది ఆరలేదు. ముందు అతను, వెనక పద్దులక్క, ఆ వెనక ఆడిటరు దిగారు. ఇటుక మెట్లు. పదో మెట్టు దాటాక చలి మొదలైంది. ఇరవై మూడో మెట్టు మీద ఫిట్టరు ఆగిపోయాడు. అతని చేతిలోని పెద్ద టార్చి వెలుతురు ముందుకు వెళ్ళి, వెళ్ళి, ఎక్కడా గోడకు తగల్లేదు.

స్తంభాలు. ఒకదాని వెనక ఒకటి, చీకట్లోకి వెళ్ళిపోతున్నాయి. ఒక్కో దాని నుంచి నాలుగు వైపులా ఇటుక కమానులు లేచి, పైన ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు కలుస్తున్నాయి. కింద నీళ్ళు. ఎంత తేటగా ఉన్నాయంటే, ముందు అక్కడ నీళ్ళున్నాయని తెలియలేదు. స్తంభాలు నేల కిందికి కూడా అంతే ఎత్తు పెరిగాయేమో అనిపించింది. ఎక్కడో ఒక చుక్క పడింది. ఆ చప్పుడు గదంతా తిరిగి, చాలా సేపటికి వాళ్ళ దగ్గరికొచ్చింది.

ముగ్గురూ ఆఖరి మెట్టు మీద నిలబడ్డారు. పైన చెత్త బండి ఒకటి గేటు దాటి లోపలికొచ్చింది. దాని అదురు ఇక్కడిదాకా రాలేదు. తన కుర్చీ కింద, తన బల్ల కింద, ఇరవై ఆరేళ్ళుగా తాను కూడికలు చేస్తున్న నేల కింద ఇదంతా ఉంది. పుస్తకంలో దీని విలువ ఒకటి.

“ఇది మనదేనా అక్కా?” అని ఫిట్టరు గుసగుసగా అడిగాడు.

“మనదే. రెండువందల పన్నెండు.”

ఆడిటరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. పద్దులక్క పెదవులు కూడా కదులుతున్నాయి. కాసేపటికి ఆవిడ నలభై ఏడంది, పద్దులక్క నలభై ఎనిమిదంది. మళ్ళీ లెక్కపెట్టారు. మూలనున్న స్తంభం నీడలో దాక్కుంది. నలభై ఎనిమిదే.

మెట్ల పక్క గోడ నున్నగా పూత పూసి ఉంది. ఫిట్టరు అటు టార్చి తిప్పాడు. నీటి మట్టం నుంచి నిలువెత్తు దాకా అడ్డగీతలు. ప్రతి గీత పక్కన ఒక ఏడాది, పొడి అక్షరాలు. మేకుతోనో ఉలితోనో చెక్కినవి. ఏటా ఎవరో ఒకరు ఇక్కడిదాకా దిగి, నీళ్ళు ఎంతవరకున్నాయో చూసి, గీత గీసి, సంతకం పెట్టి వెళ్ళారు. అరవై ఒక్క గీతలు. ఒకరి చేతి రాత పోయి మరొకరిది, అది పోయి ఇంకొకరిది. ఆఖరి గీత పద్దులక్క పుట్టడానికి రెండేళ్ళ ముందుది.

ఆమె దాన్ని వేలితో తడిమింది. పైకి వచ్చాక పాత ఆస్తుల పుస్తకం తీసి పోల్చి చూసింది. ఆ ఆఖరి గీత పక్కనున్న పొడి అక్షరాలే, పుస్తకంలో ఆ తరువాత ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నాయి. ఆ మనిషికి మోకాళ్ళు పోయాయో, సంత మారి మూత మీద కంకర పడిందో. దిగడం ఆగింది, రాయడం ఆగలేదు. తనకు ముందు ఇంకో ఇద్దరు. తరువాత తను.

ఆ సాయంత్రం కార్యదర్శి ఆమెను పక్కకు పిలిచాడు. మంచివాడే. సోమవారం ఆడిటరు ఎలాగూ ఆ గళ్ళ గురించి అడుగుతుందనీ, చూశానని ఒక్క మాట అనేస్తే గొడవ వదులుతుందనీ చెప్పాడు. “ఉన్నదాన్ని చూశాననడంలో అబద్ధమేముందక్కా? వస్తువు దొరికింది. నువ్వే వెతికి పట్టావు. ఇంకెవరికి నష్టం?”

ఇంటి దగ్గర సంగతి చెప్తే అత్తగారు దిండుకు ఆనుకుని విని, “ఇన్నేళ్ళూ చూడకుండా చూశానన్నావు. తీరా చూశాక చూడలేదంటానంటున్నావు. నీ తిక్క ఏ పుస్తకంలో రాసుందే అమ్మాయ్?” అంది. మొగుడు మోకాలికి తైలం రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, “ఈ మోకాలి సంగతి చూసుకుని నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. ఇన్నాళ్ళు లాక్కొచ్చింది, ఇంకో నాలుగు నెలలు లాగదా” అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ గోడే కనబడింది. అరవై ఒక్క మంది కాదు, బహుశా ఏడెనిమిది మందే. ఒక్కొక్కరూ ఏడాదికొకసారి దీపం పట్టుకుని ఇరవై మూడు మెట్లు దిగారు. వాళ్ళను ఎవరూ చూడలేదు. అయినా దిగారు.

సోమవారం ఆడిటరు పుస్తకం విప్పి ఆమె వైపు తిప్పింది.

“ఈ గళ్ళలో అక్షరాలు మీవేనా?”

“నావేనండీ.”

“వస్తువు చూసే పెట్టారా?”

కార్యదర్శి తలుపు దగ్గర ఏదో ఫైలు వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

“లేదండీ. మొన్న శుక్రవారమే మొదటిసారి చూశాను.”

ఆడిటరు రాసుకుంది. కలం ఆపి పేజీలు వెనక్కి తిప్పింది. “మరి మిగతా మూడువందల ముప్పై తొమ్మిది?”

“అవన్నీ చూశాను.”

“ఇది చెప్పకముందు మీరు ఆ మాటంటే నమ్మేదాన్ని. ఇప్పుడు నమ్మకూడదు. అది నా పని” అంది ఆడిటరు. గొంతులో కోపం లేదు.

పద్దులక్క పుస్తకం మూసింది. డబ్బు ఆగుతుందని తెలుసు, మెమో వస్తుందని తెలుసు. ఇది మాత్రం తట్టలేదు. ఇరవై ఆరేళ్ళ ఎండలూ, నడకలూ, నిచ్చెనలూ, ఒక్క పద్దు వల్ల అన్నీ అనుమానంలో పడ్డాయి. అయినా ఆడిటరు అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. తనే ఆ కుర్చీలో ఉన్నా అదే అనేది. పుస్తకం చంకన పెట్టుకుని లేచింది.

ఇంకో ఎనభై పద్దులు ఎంచుకుంది ఆడిటరు. ఇద్దరూ మూడు రోజులు నడిచారు. ఆడిటరు పద్దు చదవగానే పద్దులక్క పుస్తకం చూడకుండానే చెప్పేది: ఈ దీపస్తంభం ఫ్యూజు పెట్టె గొళ్ళెం విరిగింది, ఈ బెంచీకి ఎడమ కాలు కొత్తది, ఈ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. పార్కు కాపలాదారు ఆ రోజు వేళాకోళం ఆడలేదు. లేచి నిలబడి, తన కుర్చీని తానే తిప్పి, వెనక రాసిన అంకెను చూపించాడు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఆడిటరు ప్రశ్నలు తగ్గాయి. మూడో రోజు ఆఖరి వస్తువు శ్మశానం గేటు తాళం. దాని మూడో తాళంచెవి ఎవరి దగ్గరుందో పద్దులక్క చెప్పింది. అది ఆ మనిషి దగ్గరే ఉంది. ఆడిటరు అక్కడే రాతి గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చింది. నలభై ఊళ్ళ పుస్తకాలు చూశానండీ, అని ఊరుకుంది.

నివేదికను సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు పైకి చదివాడు. అదీ నియమమే, ఊరివాళ్ళు ఎవరైనా వచ్చి వినొచ్చు. జలాశయం ఉందని, దాని వివరం సరిదిద్దాలని ఒక పేరా. దాన్ని ఇరవై ఆరేళ్ళు చూడకుండా చూసినట్టు ధ్రువీకరించారని, ఆ సంగతి సంబంధిత ఉద్యోగి తానే ఒప్పుకున్నారని ఒక పేరా. పరిశీలించిన మిగతా తొంభై ఒక్క వస్తువుల్లో ఒక్క తేడా కూడా లేదని ఇంకో పేరా. వెనక కూర్చున్న హెడ్మిస్ట్రెస్ ఆ ఆఖరి పేరా మళ్ళీ చదవమంది. అధ్యక్షుడు మళ్ళీ చదివాడు. బెంచీ తీసుకెళ్ళిన సభ్యుడు లేచి, రెండో పేరా కూడా మళ్ళీ చదవమన్నాడు. అదీ చదివాడు. మీ సమాధానం ఏమిటని అడిగితే పద్దులక్క లేచి నిలబడి, రాసింది నిజమేనండీ, అని కూర్చుంది.

ఇకమీదట ప్రతి పద్దునూ ఇద్దరు చూడాలని తీర్మానించారు. ఆ పద్ధతి ఒక ఏడాది నడిచాకే అభ్యంతరం మూసేస్తారు. అందాకా ఆమె కాగితాలు ఆగుతాయి. నాలుగు నెలలనుకున్నది పదహారు నెలలైంది. ఆ రాత్రి ఆ లెక్క విని మొగుడు ఎడమ మోకాలు నిమురుకున్నాడు. తరువాత, అయితే ఈ ఏడుకి కుడికాలుతో క్లచ్చి తొక్కే బండేదైనా ఉందేమో డిపోలో అడగాలి, అన్నాడు.

అభ్యంతరాల పుస్తకం కూడా ఆమె బీరువాలోనే ఉంటుంది. నివేదికలోంచి దాన్ని అందులోకి ఎక్కించాల్సింది ఆమే. మర్నాడు పొద్దున కొత్త పేజీకి గీతలు గీసింది. అభ్యంతరం ఏమిటో తప్పు లేకుండా దించింది. ‘బాధ్యులు’ అన్న చోట తన పేరు రాసింది. ‘పరిష్కారం’ అన్న చోటు ఖాళీగా వదిలి, సిరా ఆరేదాకా పేజీ మీద ఊదింది.

పెరట్లో ఇంజనీరు కొలతలకు వచ్చి ఉన్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి లోపలికి ఎవరైనా రావాలని మెట్ల దగ్గర్నుంచి కేకేస్తున్నాడు. జనం మూత చుట్టూ మూగి తొంగి చూస్తున్నారు కానీ ఎవరూ దిగడం లేదు. పద్దులక్క పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది. మూత దగ్గర చెప్పులు విప్పి, జనం మధ్యలోంచి దారి చేసుకుని, చలిలోకి దిగింది.